పోయాడన్న మాట

ఎడిటింగ్ గది తలుపు ఎవరో కొట్టారు. కత్తెరమ్మ తీసింది. గుమ్మంలో నర్సమ్మ నిలబడి "సాయంత్రం మీ సినిమా ఆపాలి తల్లీ" అంది. పోయిన వారం మనం అక్కడే ఆగాం. పాపం, ఆవిణ్ణి వారం రోజులుగా వానలోనే నిలబెట్టేశాం. ముందు లోపలికి రానిద్దాం.

ఇవాళే పేజీ తిప్పినవాళ్ళ కోసం రెండు ముక్కలు. కత్తెరమ్మ అంటే ఆ గదిలో కూర్చుని సినిమా కూర్చే మనిషి. ఈ రోజుల్లో కత్తెర పట్టుకుని ఫిల్ము కోసేవాళ్ళెవరూ లేరు, కోతలన్నీ కంప్యూటర్లోనే. అయినా స్టూడియోలో పేరు అలా పడిపోయింది. ఆవిడ భర్త సౌండు రికార్డిస్టు. మెడలో హెడ్‌ఫోన్లు లేకుండా ఆయన పెళ్ళిలో తప్ప ఎక్కడా కనపడలేదని ఎగతాళి. అందుకని ఆయన చెవులాయన. ఏటి అవతల ఒక జాతిని జాతినే లేకుండా చేస్తున్నారని, ఊళ్ళకి ఊళ్ళు కాలుస్తున్నారని వార్తలు వచ్చినప్పుడు ఆయనా, ఆయన అన్నా కెమెరా, మైకు పట్టుకుని వెళ్ళారు. అన్న తిరిగొచ్చాడు. తమ్ముడు రాలేదు. ఆ అన్నే సినిమాకి డైరెక్టరు, కత్తెరమ్మకి బావగారు. మొగుడు పోయిన బాధ ఒక పక్క, ఆ మొగుడు రికార్డు చేసి పంపిన ఏడుపులు చెవుల్లో ఒక పక్క, ఏడాదిగా ఆవిడ ఆ సినిమా కూరుస్తోంది. ఇవాళ సాయంత్రం ఆరింటికి పెద్ద హాల్లో అది పడుతుంది. ఆ చంపుడు ఆపడానికి రక్షణ దళాన్ని పంపాలా వద్దా అని ఓటు వేయాల్సిన దేశదేశాల పెద్దలంతా వచ్చి చూస్తారు. అలాంటి సినిమాని ఆపమని వచ్చింది నర్సమ్మ. అదీ ఎవరు? ఆ చంపుడు ఆపాలని అందరికంటే ఎక్కువ తిరిగిన మనిషి!

"ముందు కూర్చో అక్కా. తడిసి ముద్దైపోయావు" అంది కత్తెరమ్మ, కుర్చీ మీది తీగలు పక్కకి తోస్తూ.

"కూర్చోడానికి రాలేదు. ఆఖరి సీను ఒకసారి వెయ్యి."

నర్సమ్మ ఒకప్పుడు ఏటి ఒడ్డున ఆసుపత్రిలో నిజంగానే నర్సు. ఇప్పుడు అవతలివాళ్ళని ఇవతలికి దాటించడం, దాటలేనివాళ్ళ కబురు బయటి ప్రపంచానికి చేర్చడం ఆవిడ పని. మాట కటువు, చెయ్యి మెత్తన. అడిగితే కాదనలేం. కత్తెరమ్మ వేసింది.

తెర మీద పడవ. చెవులాయన మైకు కర్ర భుజాన ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. కెమెరా తన వైపు తిరిగిందని చూసుకుని, పెదాల మీద వేలు పెట్టి "ష్" అన్నాడు. ఏటి చప్పుడు వినమని. అంతలో పడవ ఏదో దానికి తగిలి ఊగింది, ఆయన పడబోయి మైకుని కాపాడుకుని, తనని తాను చూసుకుని నవ్వేశాడు. అంతే. చిన్న ముక్క. తర్వాత ఏరు. ఏటి మీద పడవ నడిపే తాత గొంతు, "మీ తమ్ముడు పోయాడు బాబూ." తర్వాత నల్లని తెర, ఈ సినిమా ఆయనకి అంకితం అన్న అక్షరాలు.

ఆ నవ్వు ముక్కని కత్తెరమ్మ రోజూ పొద్దున్నే పని మొదలుపెట్టేముందు వేసుకుని చూసేది. దీపం పెట్టుకున్నట్టు అనుకోండి. ఇంట్లో ఫోటోలున్నాయి, కాదనను. కానీ ఫోటోలో మనిషి కదలడు. ఈ ముక్కలో ఆయన పడబోతాడు, సర్దుకుంటాడు, నవ్వుతాడు. ఆ నవ్వుకి ముందు కుడికన్ను ఒక్క క్షణం మూస్తాడు. అది లోకంలో ఇంకెవరికీ తెలీదు. ఆవిడకి అదొక్కటే ఆస్తి.

"ఈ ముక్క తీసెయ్యి" అంది నర్సమ్మ.

కత్తెరమ్మకి అర్థం కాలేదు. "ఏది?"

"నీ మొగుడి మొహం కనపడేది. సినిమాలోంచి ఒక్కటే కాదు. ఈ మెషీన్లో, ఆ హార్డ్‌డిస్కు డబ్బాల్లో, ఎక్కడెక్కడ ఉందో అంతా. మళ్ళీ ఎవడి కంటా పడకూడదు."

"మతి ఉండే మాట్లాడుతున్నావా అక్కా?"

"ఉండబట్టే ఇంత దూరం వచ్చాను. సినిమా ముందుగా చూసేది ఎవరనుకున్నావు? హాల్లో కూర్చునే పెద్దలా? కాదు. చంపినవాళ్ళు. ప్రతి మొహం దగ్గరా ఆపి, పెద్దది చేసి, చూపించి అడుగుతారు, వీణ్ణి ఎక్కడైనా చూశారా అని. మనం తీసిన ప్రతి సినిమా వాళ్ళకి కావలసినవాళ్ళ పటమే."

"అవతల ఉన్నవాళ్ళందరి మొహాలూ నేనే మసక చేశాను. ఒక్కరిని వదల్లేదు. ఈయనకేం భయం? చచ్చిపోయిన మనిషిని మళ్ళీ చంపుతారా?"

నర్సమ్మ గొడుగు మూలన పెట్టింది. తీసి మళ్ళీ ఇంకో మూలన పెట్టింది. గొడుగు ఎక్కడ పెట్టాలన్నది అంత పెద్ద సమస్యేం కాదు కదండీ. నోట్లో మాట నానుతున్నప్పుడే మనుషులకి ఇలాంటి పనులు పడతాయి.

కత్తెరమ్మ "అక్కా, నా వైపు చూడు" అంది. నర్సమ్మ చూడలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. కత్తెరమ్మ ఆ సినిమాలో ప్రతి మాటా వందసార్లు విన్నది. ఒక్క మాట తప్ప. పడవ తాత "పోయాడు" అనేచోటికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే వెళ్ళి చప్పుడు తగ్గించేసేది. ఆ ముక్కని బావగారే కూర్చి తెచ్చి ఇచ్చారు. "నువ్వు ముట్టుకోకమ్మా, నేనే సరిచేశాను" అన్నారు. ఆ మాట దగ్గర తాత మొహం బదులు ఏరు వేశారు. తన మీద జాలితో అలా చేశారని కత్తెరమ్మ అనుకుంది. మనసులో దండం కూడా పెట్టుకుంది.

ఇప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. చప్పుడు తగ్గించలేదు, పెంచింది.

తాత మాట్లాడిన రోజు వాన. నెత్తిన టార్పాలిన్ మీద చినుకులు టపటపమంటున్నాయి. "మీ తమ్ముడు..." అన్నాడు తాత. టపటప. "...పోయాడు బాబూ." టపటప. మళ్ళీ వెనక్కి వెళ్ళి విన్నది. "తమ్ముడు" అన్న తర్వాత, "పోయాడు"కి ముందు, రెప్పపాటు సేపు వాన లేదు.

ఆకాశంలో వాన అలా ఆగదు. ఎడిటింగ్ గదిలోనే ఆగుతుంది.

చెవులాయనకి ఒక అలవాటుండేది. ఎక్కడ రికార్డు చేసినా మాటలు అయిపోయాక అందర్నీ కదలకుండా ఉండమని, ఊరికే ఆ చోటు చప్పుడు కాసేపు పట్టేవాడు. దానికి గది చప్పుడని పేరు. మాటల మధ్య ఎక్కడైనా కోస్తే ఆ ఖాళీలో అది అతికిస్తారు, కోసినట్టు తెలియదు. ఆ పని మొగుడూ పెళ్ళాం కలిసి ఎన్ని సినిమాలకి చేశారో! ఎవరో ఇక్కడ కోసి అతికించారు. తొందరలో ఎండరోజు చప్పుడు తెచ్చి వానరోజుకి అంటించారు. చెవులాయన ఉండుంటే నవ్వి చచ్చేవాడు.

తలుపు తెరుచుకుంది. బావగారు. సాయంత్రానికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జుట్టు దువ్వుకుని, చేతిలో టీ ఫ్లాస్కుతో వచ్చారు. నర్సమ్మని చూడగానే ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, అలాగే నిలబడిపోయారు.

"ఇక్కడ ఏం కోశారు బావగారూ?" అని అడిగింది కత్తెరమ్మ.

"ఏం కోయడం? దగ్గు. తాతకి దగ్గొచ్చింది."

"దగ్గు తర్వాత మనిషి గొంతు బొంగురుగా ఉంటుంది. తాత గొంతు బొంగురు పోలేదు. ఏం కోశారు?"

బావగారు నర్సమ్మ వైపు చూశారు. "చెప్పేశావా?"

"నేనేం చెప్పలేదు బాబూ. నీ మరదలికి చెవులున్నాయి" అంది నర్సమ్మ.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. మళ్ళీ లేచి జేబులోంచి తాళం తీసి, బీరువాలోంచి చిన్న డబ్బా తెచ్చి, మెషీనుకి తగిలించి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. మీట నొక్కడం ఆయన వల్ల కాలేదు. కత్తెరమ్మే నొక్కింది. వానలో తాత మొహం. ముడతలు, తడిసిన గడ్డం. "మీ తమ్ముడు వెళ్ళిపోయాడు బాబూ."

వెళ్ళిపోయాడు.

చూశారా మన భాష చేసే పని? వెళ్ళినవాడూ పోయినవాడే, చచ్చినవాడూ పోయినవాడే. ముందున్న చిన్న ముక్క ఊడదీస్తే మనిషి పాడెక్కుతాడు. కోసింది రెండక్షరాలు. ఆ రెండక్షరాల మీద ఒక ఇల్లు ఏడాది ఏడ్చింది.

"వెనక్కి వెళ్ళాడు" అన్నారు బావగారు, నేల చూస్తూ. "ఏరు దాటేముందు నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. అన్నయ్యా, నేను చచ్చిపోయానని చెప్పు, అందరికీ చెప్పు, ఇంట్లో కూడా చెప్పు. నేను లేననుకుంటే వాళ్ళు వెతకడం మానేస్తారు, నేను లోపలే ఉండి అక్కడ జరిగేదంతా రికార్డు చేస్తా, రేపు కోర్టులో అదే సాక్ష్యం అన్నాడు. ఇంట్లో ఎందుకురా అంటే, ఆవిడ ఏడుపు నిజంగా ఉండాలి అన్నయ్యా, ఆవిడకి దొంగేడుపు రాదు అన్నాడు."

కత్తెరమ్మ గొంతు లేచింది. "ఏడాది! మీ పక్కన కూర్చుని ఏడాది ఏడ్చాను. టీ పోసిచ్చి, ఏడవకమ్మా అన్నారు. అత్తయ్యకి తెలుసా?"

"తెలీదు."

"ఆవిడ తిండి మానేసినప్పుడు కూడా చెప్పలేదా? మీరు మనిషేనా బావగారూ? ఆయన చెప్పులు వాచ్‌మన్‌కి ఇచ్చేశాను! రోజూ గేటు దగ్గర ఆ చెప్పులు చూసి తల తిప్పుకుని వస్తున్నాను!"

"తమ్ముడికి మాటిచ్చాను."

"ఆయన చావు సినిమాకి బాగా పనికొచ్చింది, అది కూడా చెప్పండి."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బావగారు చెడ్డమనిషి కాదు. తమ్ముడంటే ప్రాణం. కానీ ఆయన సినిమా మనిషి కూడా. తమ్ముడి ప్రాణం కోసం చెప్పిన అబద్ధం సినిమాకి ప్రాణం పోసేసరికి, ఏది దేనికోసం చేశారో ఆయనకే తెలియకుండా పోయింది.

"తప్పే" అన్నారు. "తిట్టు, కొట్టు, పడతాను. కానీ ఇవాళ ఆ ముక్క తియ్యకండి. ఆ హాల్లో కూర్చునేవాళ్ళు కాలిపోయిన ఊళ్ళు చాలా చూశారు. ఆవులిస్తూ చూస్తారు. ఈ నవ్వు చూశాక, తాత మాట విన్నాక ఒక్కడూ ఆవులించడు. ఓటు పడితే వేలమంది బతుకుతారు. ఆ ముక్క తీస్తే సినిమా గుండె పోతుంది నర్సమ్మా."

"ఉంచితే వాడి గుండె పోతుంది" అంది నర్సమ్మ. "చచ్చాడంటే వెతకరని మీ అన్నదమ్ములు అనుకున్నారు. బాగానే ఉంది. మరి అక్కడ వేరే పేరుతో, వేరే మనిషిలా, తలదాచుకున్నవాళ్ళకి వండే వంటపాకలో గిన్నెలు తోముకుంటున్నవాడి మొహం ఇక్కడ ఇంత పెద్ద తెర మీద వేసి, ఇదిగో వీడే మైకు పట్టుకుని తిరిగినవాడు అని మనమే చెబితే? పక్కన గిన్నెలు తోమేవాడు చాలడూ పట్టివ్వడానికి?"

బావగారు తల పట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకి తట్టలేదు. సినిమాలు తీసేవాళ్ళకి మొహం కనపడటమే అలవాటు, మొహం దాచడం కొత్త.

కత్తెరమ్మ చెవిలో మాత్రం ఒక్క మాటే తిరుగుతోంది. గిన్నెలు తోముకుంటున్నాడు. ఇంట్లో ఒక్కనాడు గ్లాసు కడిగిన పాపాన పోలేదు! బతికున్నాడు. బతికుండి గిన్నెలు తోముతున్నాడు. నవ్వొచ్చింది, నవ్వుతుంటే ఏడుపొచ్చింది, రెండూ ఒకదాన్నొకటి తోసుకుని బయటికొచ్చాయి. నర్సమ్మ వచ్చి భుజం పట్టుకుంది.

రాత్రిళ్ళు ఆయన ఫ్యాను ఆపేసేవాడు. ఆ గోలలో నీ ఊపిరి వినపడటం లేదు అనేవాడు. చెమటలు కారి చస్తున్నాను, నా ఊపిరెందుకు మీకు, అని తిట్టేది. ఇప్పుడు తనే ఫ్యాను ఆపేసుకుని పడుకుంటోంది. ఏమైనా వినపడుతుందేమోనని. ఆ మనిషి కావాలి. సాక్ష్యాలు, కోర్టులు, ఓట్లు అన్నీ నిజమే, గొప్పవే. ఆవిడకి మాత్రం ఆ మనిషి కావాలి.

కావాలి కాబట్టే చేయి కదిలింది.

ఇంకొక్కసారి వేసుకుంది. ఊగిన పడవ, కాపాడుకున్న మైకు, ముందు కుడికన్ను, తర్వాత నవ్వు. ఆపేసింది. సినిమాలోంచి తీసేసింది. తాత మాట కూడా తీసేసింది. అంకితమన్న అక్షరాలు తీసేసింది. ఇవతలి ఒడ్డున ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఏటి అవతలికి చూస్తున్న షాటొకటి ఎప్పుడో పక్కన పడేసింది, అది తెచ్చి చివర పెట్టింది. బావగారు డబ్బాలన్నీ ఒక్కొక్కటే తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒక్కొక్కదాంట్లో వెతికి చెరిపేసింది. శాశ్వతంగా తీసేయమంటారా అని మెషీను ప్రతిసారీ అడుగుతూనే ఉంది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ అవునని చెప్పింది.

"సినిమా ఇదే. పట్టుకెళ్ళండి" అంది బావగారితో. ఆయన ఆఖరి షాటు నిలబడే చూశారు. "బాగుందమ్మా" అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ.

కత్తెరమ్మ నర్సమ్మ వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు అక్కా. ఎలా ఉన్నాడు? చిక్కిపోయాడా? నా గురించి ఏమైనా అడిగాడా?"

నర్సమ్మ ఇప్పుడు కూర్చుంది. కూర్చోమన్నప్పుడు కూర్చోని మనిషి ఎవరూ అడక్కుండా కూర్చుంది.

"నేను చూళ్ళేదు తల్లీ."

"మరి ఎవరు చూశారు?"

"మావాళ్ళు. మూడు నాలుగుసార్లు ఎవరో ఒకరు ఆ వంటపాక దాకా వెళ్ళారు. అక్కణ్ణించి రికార్డింగులు వస్తాయి, ఎవరు పంపుతున్నారో రాసి ఉండదు. ప్రతిదాని చివరా మాటలు అయిపోయాక కూడా ఆపకుండా ఊరికే ఉంచుతాడు. మొదట్లో మెషీను పాడైందనుకున్నాం. తర్వాత మీ ఆయన అలవాటని తెలిసింది. అందుకే ఆయనే అనుకున్నాం."

"ఆయనే! ఇంకెవరు చేస్తారు అలా?"

బావగారు మెల్లిగా అన్నారు. "అక్కడివాళ్ళు కొందరికి వాడు రికార్డింగు నేర్పాడు. గది చప్పుడు పట్టకపోతే చెవి మెలేసేవాడు. వాళ్ళలో ఎవరైనా కావచ్చు."

కత్తెరమ్మ కుర్చీ అంచు పట్టుకుంది. "అయితే వెళ్ళినవాళ్ళు అడగలేదా, నువ్వేనా అని?"

"అడిగారు. నేను కాదంటాడు. ఎవరు అడిగినా అదే మాట. ఆయనే అయినా అదే అంటాడు, అలా అనే కదా బతుకుతున్నాడు. కాకపోయినా అదే అంటాడు."

"అంటే... ఖాయంగా తెలీకుండానే నా చేత చెరిపించావా?"

"చెరిపించాను" అంది నర్సమ్మ. గొంతులో కటుత్వం లేదు. "ఆయనే అయితే ఇవాళ సాయంత్రం మనమే చంపేవాళ్ళం. కాకపోతే నీకు పోయింది బొమ్మ. తిట్టుకో, కానీ నీ చోట నేనున్నా ఇదే చేసేదాన్ని." మళ్ళీ అంది. "వంటపాక వైపు చంపేవాళ్ళ సైన్యం కదులుతోందని కబురు. అక్కడివాళ్ళని ఇక దాటించెయ్యాలి. అందరూ వస్తున్నారు, ఆ మనిషి ఒక్కడే రానంటున్నాడు. మావాళ్ళని నమ్మడం లేదు. ఇక్కడ మొహం తెలిసినవాళ్ళెవరూ అక్కడి మనిషిని చూళ్ళేదు. అక్కడ చూసినవాళ్ళకి ఇక్కడి మొహం తెలీదు. ఫోటో పట్టుకెళ్తే దారిలో దొరికి అందరం పోతాం. మీ బావగారు ప్రతి పేపర్లో ఉన్నాడు, అడుగు పెట్టలేడు. ఇక మిగిలింది నువ్వే. అవతలికి వెళ్ళే మందుల వ్యాను బయట ఉంది. ఆరింటికి కదులుతుంది."

"వద్దు" అన్నారు బావగారు. "అమ్మాయ్, వద్దు. తమ్ముణ్ణి ఒకసారి వదిలేసి వచ్చాను. నిన్ను కూడా పంపించి అమ్మకేం చెప్పను? పోనీ వెళ్ళావే అనుకో, అంత దూరం వెళ్ళాక, ఆ మనిషి నీతో కూడా నేను కాదంటే?"

కత్తెరమ్మ మెషీను కట్టేసింది. బల్ల సొరుగులోంచి సంచి తీసి భుజాన వేసుకుంది.

"అందరికీ అదే చెప్పాడు కదా బావగారూ" అంది. "నా మొహం చూసి చెప్పమనండి."